రెండో మనిషి

గురువారం పొద్దున వ్యాను దిగుతున్న డంకన్‌ను చూడగానే పని చెడిందని నెవిల్ ఆగ్లీకి తెలిసిపోయింది. డంకన్ కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా పిండికట్టులో ఉంది.

"మెట్ల మీంచి పడ్డాను," అన్నాడు డంకన్, నెవిల్ అడక్కముందే. "తాగి కాదండోయ్. పిల్లి కాళ్ళకి అడ్డం పడింది. తాగి పడినా చెప్పుకోడానికి ఇంత సిగ్గేసేది కాదు."

వ్యాను వెనక ఎర్ర రంగు ఇంజను క్రేను మడిచి పడుకోబెట్టి ఉంది. సొంత చేతుల్తో కార్లు కట్టుకునేవాళ్ళకి షెఫీల్డులో ఒక క్లబ్బుంది. సభ్యులందరికీ కలిపి ఆ క్రేను ఒక్కటే. నెవిల్ వంతు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆదివారం సాయంత్రం డంకన్ మళ్ళీ వచ్చి దాన్ని వేరేవాళ్ళకి పట్టుకుపోతాడు. ఈ నాలుగు రోజుల్లో ఇంజనూ గేరుబాక్సూ కారులో కూర్చోవాలి. కూర్చోబెట్టడానికి రెండో మనిషిగా డంకనే ఉంటానన్నాడు.

ఇద్దరూ కలిసి, మూడు చేతులతో, క్రేనును వెనక సందులోంచి షెడ్డులోకి దొర్లించారు. షెడ్డు మధ్యలో నాలుగు ఇనప స్టాండ్ల మీద కారు ఉంది. కారంటే అప్పటికింకా పొడుగాటి ఇనప గొట్టాల చట్రం, దానికి రెండు పక్కలా తాపడం చేసిన అల్యూమినియం రేకులు, స్టీరింగు, ఒక సీటు. చట్రానికి వేసిన ఆకుపచ్చ రంగు మీద బ్రష్షు గీత ఒక్కటి కనపడదు. డంకన్ వంగి అతుకుల మీద ఎడమచేతి బొటనవేలు రాసి చూశాడు.

"ఎన్నేళ్ళు పట్టిందండీ?"

"ఆరు."

"మీ అతుకులు చూస్తే నా కారు అమ్మేయాలనిపిస్తోంది. రెండో సీటేదీ?"

"ఇంకా కొనలేదు."

నేల మీద ఒకపక్క పాత ఫోర్డు సియెర్రా నుంచి తీసిన ఇంజను, దాని పక్కన గేరుబాక్సు, గోనె సంచుల మీద పక్కపక్కనే ఉన్నాయి. డంకన్ వాటిని చూసి, తన కట్టును చూసుకుని, నాలుక చప్పరించాడు.

"మరి ఎవర్ని పిలుస్తారు? ఇది ఒంటి చేతి పని కాదు, మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకళ్ళు క్రేను దగ్గర ఉండాలి, ఒకళ్ళు గేరుబాక్సు తోక పట్టుకోవాలి."

"చూస్తాలే."

"చూసేదేముంది పెద్దాయనా? ఊరు ఊరంతా బొగ్గు గనిలో పనిచేసినవాళ్ళేగా! వీధిలోకెళ్ళి ఒక్క కేకెయ్యండి, పదిమంది దిగుతారు. టీలు పెట్టలేక మీరే తిట్టుకుంటారు."

"నిజమే," అన్నాడు నెవిల్.

డంకన్ ఆ ఊరివాడు కాదు. థార్ప్‌లీలో ఎవరూ అతనికి ఏమీ చెప్పి ఉండరు. నెవిల్ కూడా చెప్పలేదు. టీ తాగి, ఆదివారం నాలుగింటికి వస్తానని డంకన్ వెళ్ళిపోయాడు. ఆ వారంలో నెవిల్‌తో మనిషన్నవాడు మాట్లాడిన ఆఖరి మాటలు అవే అయ్యుండేవి, మామూలుగా అయితే.

ఒంటరిగా బతికేవాళ్ళు తమలో తామే మాట్లాడుకుంటారంటారు. ఈలీన్ పోయిన ఈ నాలుగేళ్ళలో నెవిల్ ఆ అలవాటు పడనివ్వలేదు. దానికి బదులు వస్తువులు తయారుచేసుకున్నాడు. చీపురుకర్రకి కొక్కెం కట్టి దూరపు బోల్టును పట్టుకునే చెయ్యి చేశాడు. పుల్లకి గడ్డం గీసుకునే అద్దం అతికించి అవతలి పక్క చూసే కన్ను చేశాడు. అవతల నుంచి నట్టు ఎవరైనా బిగబట్టాల్సి వస్తే దానికో చెక్క చీల. రెండో మనిషి చెయ్యాల్సిన ప్రతి పనికీ షెడ్డు గోడ మీద ఒక వస్తువు వేలాడుతోంది. ఇన్నాళ్ళలో వాటితో కుదరని పని రాలేదు.

గురువారం మధ్యాహ్నమంతా ఇంజనుకు గేరుబాక్సు జత చేశాడు. ముందు క్లచ్ ప్లేటు. అది సరిగ్గా నడిమధ్యన కూర్చోకపోతే గేరుబాక్సు ఇరుసు లోపలికి పోదు. ఎంత తోసినా మొండికేస్తుంది. అందుకని కర్ర ముక్కకి టేపు చుట్టి, ఇరుసు లావు వచ్చేదాకా చుట్టి, ప్లేటులో దూర్చి, కళ్ళు మూసుకుని వేలితో అంచు చుట్టూ తడిమాడు. వెంట్రుకంత ఎడంగా ఉంది. వదులు చేసి, జరిపి, మళ్ళీ తడిమాడు. ఆరు బోల్టులూ ఎదురెదురుగా, ఒక్కోటీ పావు తిప్పు చొప్పున బిగించాడు. గేరుబాక్సును తొడ మీద పెట్టుకుని, పసిపిల్లాణ్ణి ఉయ్యాల్లో వేస్తున్నట్టు ముందుకు వంగి, కొంచెం ఊపి, కొంచెం తిప్పి, నెట్టాడు. లోపల ఏదో పళ్ళలో పడింది. ఆఖరి అంగుళం దానంతటదే జారి వెళ్ళి టక్కున అంటుకుంది.

అలాంటి చప్పుడు వినిపించినప్పుడు మనిషి తలెత్తి పక్కకి చూస్తాడు. నెవిల్ కూడా చూశాడు. తర్వాత చేతులు గుడ్డకి తుడుచుకుని లోపలికి వెళ్ళి రెండు గుడ్లు ఉడకేసుకున్నాడు.

శుక్రవారం పదింటికి ఇంజను గాల్లోకి లేచింది. గొలుసు రెండు కొక్కేలకీ తగిలించి, చట్రం గొట్టాలకి గీతలు పడకుండా పాత దుప్పట్లు చుట్టి, గేరుబాక్సు తోకలోంచి నూనె కారకుండా గుడ్డ కుక్కి, క్రేను పిడిని కిందికీ పైకీ కొడుతూ పోయాడు. ఇంజను ముక్కు పైకి, గేరుబాక్సు తోక కిందికి, ఏటవాలుగా వేలాడాలి. తోక ముందుగా చట్రంలోకి దిగి, సీట్ల మధ్య ఉన్న ఇరుకు సొరంగంలోకి దూరాలి. అది దూరేకొద్దీ క్రేను దించాలి, ముందుకు నెట్టాలి. ఒకరు దించుతుంటే ఒకరు నడపాలి.

నెవిల్ దించి, క్రేను చుట్టూ తిరిగి వచ్చి, తోకను అరచేతితో నెట్టి, మళ్ళీ చుట్టూ తిరిగి వెళ్ళి దించాడు. అలా ఎన్నిసార్లు తిరిగాడో. తోకకి తాడు కట్టి, తాడు కొసను సొరంగంలోంచి లాగి స్టీరింగు గొట్టానికి ముడేశాడు. అదీ కాసేపు పనిచేసింది. పదకొండున్నరకి తోక సొరంగం నోటి దాకా వచ్చింది. వేలెడు పక్కకి జరిగితే దూరిపోతుంది. కుడి చెయ్యి మోచేతి పైదాకా లోపలికి పెట్టి తోకను తన వైపు లాక్కున్నాడు.

తాడు ముడి జారింది. తోక కిందికి పడి, బరువంతా వెనక్కి ఊగి, ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఉండే బోర్లించిన ఇనప గిన్నెలాంటి తొడుగు అతని ముంజేతిని చట్రం గొట్టానికి అదిమేసింది.

మొదట నొప్పి లేదు. చెయ్యి లాగితే రాలేదు. ఎడమచేత్తో ఇంజనును నెడితే అది వేలెడు కదిలి మళ్ళీ వచ్చి అదే చోట ఆనింది. క్రేను పిడి ఆరడుగుల దూరంలో ఉంది. చీపురుకర్ర చెయ్యి గోడకి వేలాడుతోంది. వేళ్ళు చల్లబడుతున్నాయి. వెనక సందులోకి షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. సందు అవతల ఎవరో మట్టి తవ్వుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కేకేద్దామని నోరు తెరిచాడు. ఏ పేరు పెట్టి కేకెయ్యాలో తెలియలేదు. నోరు మూసుకున్నాడు.

తవ్వుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి గుమ్మంలో వెలుగు తగ్గింది. సందు అవతలి గార్డన్ సైక్స్ నిలబడి ఉన్నాడు, మోకాళ్ళ దాకా ఉల్లిమడి మట్టితో.

అతను ఇంజను వైపు చూశాడు, గొలుసు వైపు చూశాడు, గొట్టానికీ గిన్నెకీ మధ్య ఉన్న చెయ్యి వైపు చూశాడు. నాలుగంగల్లో క్రేను దగ్గరికి వచ్చి పిడి అందుకున్నాడు. తొందరపడలేదు. తొందరపడితే ఇంజను ఊగుతుంది. ఒక్కో దెబ్బా నిదానంగా, ఊగు ఆగేదాకా చూసి మరో దెబ్బ. నాలుగో దెబ్బకి చెయ్యి బయటికొచ్చింది.

ముంజేయి మీద గొట్టం వాత ఎర్రగా, లోతుగా పడింది. గార్డన్ తన చెయ్యి ఎత్తి వేళ్ళు ముడిచి తెరిచాడు. నెవిల్ కూడా ముడిచి తెరిచాడు. ఐదు వేళ్ళూ కదిలాయి.

"బతికించావ్," అన్నాడు నెవిల్.

గార్డన్ చూపు తిప్పుకుని గొలుసు లాగి చూశాడు.

గనిలో ఇద్దరూ పద్నాలుగేళ్ళు ఒకే షిఫ్టులో పనిచేశారు, ఫిట్టర్లుగా, పక్కపక్కన. తర్వాత ఎనభై నాలుగులో సమ్మె వచ్చింది. ఏడాది సాగిన సమ్మెలో ఆఖరి పదకొండు రోజులు మిగిలుండగా నెవిల్ పనిలోకి దిగాడు. అవి ఆఖరి పదకొండు రోజులని అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ మధ్యాహ్నం నుంచి థార్ప్‌లీ అతన్ని వెలివేసింది. గని మూసేసి పదేళ్ళు దాటింది, అది ఉన్న చోట గడ్డి మొలిచి గొర్రెలు మేస్తున్నాయి. వెలి మాత్రం ఎవరూ ఎత్తెయ్యలేదు. పద్దెనిమిదేళ్ళుగా సందుకి ఆ పక్క గార్డన్ ఉల్లిగడ్డలు పెంచుతున్నాడు, ఈ పక్క నెవిల్ షెడ్డు తలుపు తీస్తున్నాడు, మూస్తున్నాడు. ఒక్క మాట లేదు.

గార్డన్ వెళ్ళిపోతాడనుకున్నాడు నెవిల్. అతను గుమ్మం దాకా వెళ్ళాడు కూడా. అక్కడ ఆగి సందు ఆ చివరా ఈ చివరా చూశాడు. ఒక తలుపు రెక్క లోపలికి లాగాడు. రెండోదీ లాగాడు. తిరిగి వచ్చి, పనిముట్ల పళ్ళెంలోంచి ఒక పెద్ద స్పానరు తీసుకుని, కారు పక్కన వెల్లకిలా పడుకుని సొరంగం కిందికి జరిగాడు. అతని బూట్లు మాత్రమే బయటికి కనపడుతున్నాయి.

స్పానరుతో చట్రం మీద రెండు దెబ్బలు కొట్టాడు. టంగు, టంగు.

నెవిల్ ఒళ్ళు ముందు గుర్తుపట్టింది, బుద్ధికి తర్వాత అందింది. మాట వినపడని చోట, యంత్రాల హోరులో, గనిలో అందరూ అలాగే చెప్పుకునేవాళ్ళు. ఒకటంటే ఆగు. రెండంటే దించు. మూడంటే ఎత్తు. నెవిల్ ఎడమచేత్తో క్రేను మీట కొద్దిగా తిప్పాడు. ఇంజను దిగింది. ఒక దెబ్బ. ఆపాడు. కింద గార్డన్ చేతులు తోకను పట్టి నడుపుతున్నాయి; ఊపిరి బిగబట్టి మూలుగుతున్నాడు. రెండు దెబ్బలు. దించాడు.

గంటసేపు అలాగే గడిచింది. నెవిల్ కూడా మాట్లాడటం మానేశాడు. మాట్లాడితే ఏదో చెదిరిపోతుందేమోనని భయం. ఒకసారి గార్డన్ మూడు దెబ్బలు కొట్టబోయి రెండు కొట్టి తమాయించుకుని గబగబా ఒకటి కొట్టాడు. నెవిల్‌కి నవ్వొచ్చింది, కింద నుంచి కూడా ముక్కుతో ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వో దుమ్మో తెలియదు.

తోక సొరంగంలోకి మొత్తం పోయింది. కానీ ఇంజను తన దిమ్మల మీద కూర్చోబోయే ముందు గిన్నె అంచు కుడిపక్క రేకుకి తగిలింది. అరంగుళం. ఎటు జరిపినా అదే అరంగుళం. గార్డన్ బయటికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, పలకబలపం ముక్క వెతికి రేకు మీద వంపుగా ఒక గీత గీశాడు. ఇక్కడ కొయ్యి అని. చేతులు తుడుచుకున్నాడు. నెవిల్ ముఖం వైపు చూడకుండా, తలుపు కొంచెం తెరిచి, సందు చూసుకుని, వెళ్ళిపోయాడు.

ఇంజను బయటికి ఎత్తడం తేలిక. ఆ పని నెవిల్ ఒక్కడే చేసుకున్నాడు. ఆ సాయంత్రం వెలుగుండగానే గీత మీద కోసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి, ఆకుపచ్చ రంగు పూశాడు. ముంజేయి బూరెలా ఉబ్బింది. ఊళ్ళోవాడి కోసం పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి రెండో కప్పు కూడా కడిగి బల్ల మీద బోర్లించాడు, రేపు ఎవరికైనా టీ ఇవ్వాల్సి రావచ్చని.

శనివారం పొద్దున కసాయి కొట్లో జనం వరసలో ఉన్నారు. నెవిల్ లోపలికి అడుగుపెట్టగానే ఎప్పటిలాగే మాటలు ఆగిపోయాయి. కొట్టు నడిపే షీలా కత్తి తుడవడం మొదలుపెట్టింది. ముందు ట్రెవర్ బూత్‌రాయిడ్ నిలబడి ఉన్నాడు, అతని పక్కన గార్డన్.

నెవిల్ రోజూ అయితే చూపు నేల మీద పెట్టి నిలబడేవాడు. ఆ పొద్దున ఏం పట్టిందో, లోపలున్న మాట బయటికొచ్చేసింది.

"గార్డన్, నువ్వు గీత గీసిన చోటే కోశా. సరిగ్గా సరిపోతుంది."

 గార్డన్ మెడ ఎర్రబడింది. అతను అద్దాల బీరువాలోని సాసేజీల వైపే చూస్తున్నాడు.

"గార్డనూ," అన్నాడు ట్రెవర్, గొంతు సాగదీస్తూ. "ఎవరో నిన్ను పిలిచినట్టుంది. నాకైతే ఏం వినపళ్ళేదు. చెవులు పోతున్నాయేమో ముసలాడివి కదా అంటుంది మా ఆవిడ. నీకేమైనా వినపడిందా?"

గార్డన్ చేతిలోని సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"లేదు," అన్నాడు.

షీలా నెవిల్ ఎప్పుడూ కొనే పందిమాంసం పఫ్ కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి, చిల్లర కూడా బల్ల మీదే పెట్టి, వెనక్కి తిరిగింది. నెవిల్ తీసుకుని బయటికి వచ్చాడు. వీధి దాటుతుంటే వెనకనించి నవ్వులు వినిపించాయి. వాటిలో గార్డన్ నవ్వు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక క్షణం నిలబడబోయి, నిలబడకుండా నడిచాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి షెడ్డు తలుపు కిర్రుమంది. గార్డన్ లోపలికి వచ్చి తలుపు వెనక్కి లాగేసుకున్నాడు. పనిలో తొడుక్కునే ఓవరాల్స్ వేసుకొచ్చాడు. కోసిన అంచును వేలితో రాసి చూసి, తలూపి, స్పానరు కోసం పళ్ళెం వైపు వంగాడు.

"అక్కడ పెట్టు," అన్నాడు నెవిల్.

గార్డన్ వంగిన వాడు వంగినట్టే ఆగాడు.

"నేను చేసింది తప్పు. కాదని ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నువ్వు ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని ఆఖరి దాకా నిలబడ్డావు. నేను నిలబడలేకపోయా. ఆ చలికాలం ఈలీన్ దగ్గుతుంటే, గని పనివాడి కొంప, పొయ్యిలోకి బొగ్గు ముక్క లేదు. మెట్ల చెక్క కమ్మీలు విరిచి కాల్చా. అవి అయిపోయాయి. ఇదంతా నీకు తెలుసు. నిన్న నా చెయ్యి విడిపించావు, బతికున్నంతకాలం మర్చిపోను."

నెవిల్ అక్కడ ఆగాడు. గుడ్డ తీసుకుని అవసరం లేకపోయినా గొలుసు తుడిచాడు.

"కానీ తలుపులు మూసుకుని చేసే సాయం నాకొద్దు గార్డన్. ఇక్కడ మనుషులం, అక్కడ కొట్లో నేను గాలిని. వెలి భరించా, పద్దెనిమిదేళ్ళు. అది అలవాటైంది. ఇది భరించలేను. చెయ్యాలనుంటే ముందు గుమ్మం నుంచి రా. పగటిపూట రా. లేదంటే వద్దు."

థార్ప్‌లీలో ముందు గుమ్మాన ఎవరూ రారు. చుట్టాలూ స్నేహితులూ పాలవాడూ అందరూ వెనక సందులోంచే. ముందు తలుపు డాక్టరుకి, పాస్టరుకి, శవపేటికకి. వీధిలో ఒకరింటి ముందు తలుపు చప్పుడైతే నలభై ఇళ్ళ కిటికీ తెరలు కదులుతాయి. నెవిల్ ఏమడుగుతున్నాడో గార్డన్‌కి బాగానే తెలుసు.

అతను నిటారుగా నిలబడ్డాడు.  కాసేపు ఇంజను వైపు చూశాడు, మంచి పని సగంలో వదిలెయ్యాల్సి వచ్చినవాడు చూసినట్టు. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున నెవిల్ ఒక్కడే మళ్ళీ ప్రయత్నించాడు. ఉబ్బిన చెయ్యి పిడి పట్టనివ్వలేదు. తోకకి ఈసారి రెండు తాళ్ళు కట్టాడు. తాళ్ళు పట్టాయి గానీ సొరంగంలో తోకను తిప్పడానికి మనిషి చెయ్యి కావాలి. పదకొండున్నరకి ఒప్పుకున్నాడు. ఇంజనును బయటికి ఎత్తి, నేల మీద పాత టైరులోకి దించి, గొలుసు విప్పి, క్రేనుకి అంటిన నూనె మరకలు తుడవడం మొదలుపెట్టాడు. మళ్ళీ వంతు రావాలంటే ఏడు వారాలు. వంతు రావడం కాదు కష్టం. నిన్న ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. తలుపులు మూసుకునైనా ఒక మనిషి పక్కన పడుకుని స్పానరు కొడుతుంటే గంట గడిచింది, తెలియలేదు. అంత మాత్రం చాలనుకోవాల్సింది. గర్వానికి పోయి దాన్నీ పోగొట్టుకున్నాడు.

అప్పుడు తలుపు చప్పుడైంది. వెనకది కాదు. ఇంటి లోపల్నుంచి, అవతలి కొస నుంచి.

చేతులు తుడుచుకోకుండానే పెరడు దాటి, వంటిల్లు దాటి, ముందు గదిలోకి వచ్చాడు. ఆ తలుపు ఆఖరిసారి తెరిచింది ఈలీన్‌ని బయటికి తీసుకుపోయినప్పుడు. తర్వాత దానికి అడ్డంగా కోట్ల స్టాండు జరిపాడు. ఇప్పుడు దాన్ని పక్కకి లాగి, కిటికీ తెర కొంచెం తొలగించి చూశాడు.

మెట్టు మీద గార్డన్ నిలబడి ఉన్నాడు. ఆదివారం పూట, ఊళ్ళో పనివాళ్ళ క్లబ్బుకి జనం బయల్దేరే వేళ, నీలం ఓవరాల్స్‌లో. వీధికి అటు పక్క ట్రెవర్, భార్య చెయ్యి పట్టుకుని, అలాగే ఆగిపోయి ఉన్నాడు. ఇంకా అవతల ఇద్దరు ముగ్గురు.

నెవిల్ గడియ తీసి లాగాడు. తలుపు రాలేదు. నాలుగేళ్ళ తడికి చెక్క ఉబ్బి చట్రానికి కరుచుకుపోయింది. కాలు గోడకి తన్నిపెట్టి లాగాడు. ఉబ్బిన చేతిలో మంట పుట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవతల్నుంచి భుజంతో నెట్టిన చప్పుడు. తలుపు మూలిగింది, రాలేదు.

వీధిలోంచి ట్రెవర్ గొంతు వినిపించింది: "ఏరా గార్డనూ, దారి తప్పావా? నీ కొంప అవతల సందులో!"

అవతల భుజం ఆగింది. నెవిల్ పిడి పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

"కింద పట్టేసింది," అంది గార్డన్ గొంతు. తలుపుకి ఆనుకుని, చెక్కలోంచి, పద్దెనిమిదేళ్ళ తర్వాత, చాలా దగ్గర్నుంచి. "పిడి పట్టి పైకెత్తు నెవ్. ఎత్తి లాగు. నేను నెడతా."

నెవిల్ పైకెత్తి లాగాడు. రంగు పెచ్చులు రాలాయి. తలుపు ఒక్కసారి ఊడివచ్చినట్టు తెరుచుకుని, ఇద్దరూ తూలి, గదిలో కోట్ల స్టాండు మీద పడబోయి ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నిలదొక్కుకున్నారు.

గార్డన్ ముందు తేరుకుని బూట్లు గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాకి రాసుకున్నాడు. చాలాసేపు రాసుకున్నాడు. నెవిల్ తలుపు మూయబోయాడు. అది సగం దాకా వచ్చి మొండికేసింది.

"వదిలెయ్, తర్వాత చిత్రిక పడదాం," అన్నాడు గార్డన్.

"ఇక నీతో కూడా మాట్లాడరు."

"ఎవరు, ట్రెవరా? వాడి వాగుడు ముప్పై ఏళ్ళ నుంచి వింటున్నా. నాలుగు రోజులు నోరు మూసుకుంటే మా ఇంట్లో దేవుడికి దండం పెట్టుకుంటాం." అని నవ్వబోయాడు. నవ్వు సరిగా రాలేదు. తెరిచిన తలుపులోంచి వీధి వైపు ఒకసారి చూశాడు. ట్రెవర్ అక్కడ లేడు. "ఇంజను దించేశావా? అయ్యో. సరే, మళ్ళీ గొలుసెయ్. డంకనో ఎవరో, క్రేను వాడు, ఎన్నింటికొస్తాడు?"

"నాలుగింటికి. నీకెలా తెలుసు?"

"ఆ గొంతు ఉల్లిమడి దాకా వినపడింది."

రెండున్నరకి ఇంజను తన దిమ్మల మీద కూర్చుంది. కోసిన చోట గిన్నె అంచుకీ రేకుకీ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. గేరుబాక్సు కింది బోల్టు ఒక్కటి మిగిలింది. ఇద్దరూ కారు కింద వెల్లకిలా, తలలు దాదాపు ఆనుకునేంత దగ్గరగా పడుకుని ఉన్నారు. గార్డన్ అరచేతులతో తోకను పైకి అదిమిపెట్టాడు. నెవిల్ బోల్టు దూర్చి, వేళ్ళతో నట్టు తిప్పుతున్నాడు. ముందు గుమ్మంలోంచి వచ్చిన గాలి ఇల్లంతా దాటి షెడ్డు నేల మీద పాకుతోంది.

"ఈలీన్ పోయిన సంగతి," అన్నాడు గార్డన్, పైనున్న ఇనుముతో అన్నట్టు, "నాకెవరూ చెప్పలేదు నెవ్."

నెవిల్ వేళ్ళు ఆగలేదు. నట్టు మరో చుట్టు తిరిగింది.

"అబద్ధం," అన్నాడు గార్డన్ కాసేపటికి. "చెప్పారు. ఆ రోజు పొద్దున నల్లకోటు వేసుకున్నా. వేసుకుని, వంటింట్లో కూర్చున్నా. శవపేటిక బండి మీ వీధి మలుపు తిరిగేదాకా కూర్చుని, విప్పేశా."

తోక బరువంతా గార్డన్ చేతుల మీదే ఉంది. దించమని అడగలేదు. నట్టు వేళ్ళతో తిరగడం ఆగిపోయే దాకా నెవిల్ తిప్పాడు. 

"నీ ఎడంపక్క పదిహేడో నంబరు స్పానరుంది," అన్నాడు చివరికి. "ఇటివ్వు."

గార్డన్ ఒక చేత్తో తోకను మోస్తూనే, రెండో చెయ్యి చాచి తడిమి, స్పానరు వెతికి పట్టుకున్నాడు. దానికంటిన నూనెను తన ఛాతీ మీద ఓవరాల్స్‌కి తుడిచి, పిడి వైపు నెవిల్‌కి వచ్చేలా తిప్పి, అతని అరచేతిలో పెట్టాడు.